మొదటి స్టేజీ దాకా

సిగ్గు నాకు పుట్టుకతోనే వచ్చింది. కండక్టర్ చిల్లర ఇవ్వడం మర్చిపోతే, అడిగితే నలుగురూ చూస్తారని నోరు మూసుకుని దిగిపోయే రకాన్ని. మా అత్తయ్య అలా కాదు. ఆకలేస్తే ఆకలేస్తోందని, మనిషి నచ్చకపోతే నచ్చలేదని మొహమ్మీదే చెప్పేస్తుంది. ఆ ఎండాకాలం మా వీధి బస్సు గొడవలోకి ఆవిడ దిగింది. దిగితే దిగింది, నన్ను కూడా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఊరి చివర కాలనీ మాది. మా వీధి మొదట్లో ఎక్కితే బస్సు వాటర్ ట్యాంకు మీదుగా, గోడౌన్ల వెనకనుంచి తిరిగి తిరిగి, ఆఖరికి పెద్దాసుపత్రి గేటు ముందు ఆగుతుంది. ఆ ఆసుపత్రిలోనే నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఆపరేషన్లకి వాడిన కత్తెరలు, పట్టుకార్లు, ట్రేలు కడిగి, మూటకట్టి, ఆవిరి మిషన్లో పెట్టే పని. పొద్దున మొదటి విడత మిషన్లోకి వెళ్ళకపోతే లోపల డాక్టర్లు చేతులు కట్టుకుని నిలబడాలి. అందుకే మా హెడ్ సిస్టర్ చేర్చుకున్న రోజే చెప్పేసింది. "ఇంకా పర్మనెంట్ కాలేదు, గుర్తుంచుకో. మూడుసార్లు లేటైతే ఇంటికే."

ఇంట్లో చూస్తే మా ఆయన కాలు విరగ్గొట్టుకుని మంచం మీద ఉన్నాడు. గోడలకి రంగులేసే పని తనది. నిచ్చెన జారింది. కట్టు విప్పేదాకా ముగ్గురి కడుపులూ నా జీతం మీదే. ఆ జీతం ఆ బస్సు మీద ఆధారపడి ఉంది.

ఒకరోజు సాయంత్రం బస్సులో నేనూ, నిద్రపోతున్న ఇంకొకాయనా తప్ప ఎవరూ లేరు. కండక్టర్ నా ముందు సీట్లో కూర్చుని టిక్కెట్ల మిషన్ తుడుచుకుంటూ అన్నాడు.

"ఈ రూటు ఎత్తేస్తారేమోనమ్మా. రోజూ ఖాళీగా తిరుగుతోందని పైవాళ్ళ కోపం. వచ్చే వారం లెక్కలవాళ్ళు వస్తున్నారు. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కారు, ఎక్కడ దిగారు, అన్నీ రాసుకుంటారు."

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే ఆ మాట చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

"అంతేనా? జనం కావాలంతేగా?" అంది అత్తయ్య. "మన వీధిలో జనానికేం కరువు?"

"అమ్మా, వాళ్ళకి బస్సులో పనేంటే?" అన్నాడు మా ఆయన మంచం మీంచి.

"పనిలేకే కదరా ఇంటి ముందు కూర్చుని ఉన్నారు. ఆ కూర్చునేదేదో బస్సులో కూర్చుంటారు."

మర్నాడు పొద్దున్నించి ఆవిడ కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు ఇల్లిల్లూ తిరిగింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వీధివీధంతా నన్ను అదోలా చూస్తోంది. కిరాణా కొట్టాయన "మీ ఆయన కాలు ఎలా ఉందమ్మా, పాపం నీ ఒక్క జీతమేనటగా" అన్నాడు. ఎదురింటి టైలరమ్మ మిషన్ ఆపేసి మరీ బయటికొచ్చి "నీ కోసం తప్పక ఎక్కుతాంలే, దిగులు పడకు" అంది. మా ఇంట్లో బియ్యం ఎన్నాళ్ళకొస్తాయో కూడా చెప్పేసినట్టుంది మహాతల్లి. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎందుకత్తయ్యా ఇంటి సంగతులన్నీ అందరికీ చెప్పడం?"

"చెప్పకపోతే ఎక్కుతారా? నీ మొహం చూసి ఎక్కుతారా?"

"నాకు సిగ్గుగా ఉండదా?"

"ఉద్యోగం పోతే అప్పుడు పడుదువుగానిలే సిగ్గు" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా ఆయన దుప్పట్లో మొహం పెట్టుకుని నవ్వుతున్నాడు. కాలు విరిగినవాడు కాబట్టి వదిలేశాను.

ఆ ఆదివారం మా వరండాలో మీటింగు. వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు కుర్చీలో, మిగతావాళ్ళు మెట్ల మీద. అత్తయ్య నిలబడి ఛార్జీల పాఠం చెప్పింది. బస్సులో డ్రైవర్ వెనకాల అంటించిన ఛార్జీల పట్టిక ఆవిడకి కంఠతా వచ్చు.

"చూడండీ, మన స్టాపు నుంచి ట్యాంకు దాకా మొదటి స్టేజీ. అక్కడిదాకా కనీస ఛార్జీయే. ట్యాంకు దాటి ఒక్క స్టాపు ముందుకెళ్ళినా రెండో స్టేజీ కిందికొస్తుంది, ఛార్జీ పెరుగుతుంది. కాబట్టి ఎవరూ ట్యాంకు దాటొద్దు. అక్కడ దిగండి, ఎదురు బస్సులో తిరిగొచ్చేయండి. అరవై దాటినవాళ్ళకి సగమే. అడిగి మరీ సగం టిక్కెట్టు తీసుకోండి, మొహమాటపడకండి."

"భలే లెక్కేశారు మీరు" అన్నారు మాస్టారు. నిజంగానే మెచ్చుకున్నారు. ఎవరి జేబుకీ పెద్దగా చిల్లు పడకుండా బస్సు నిండుతుంది. అందరికీ అది ఎంతో తెలివైన ఏర్పాటులా కనిపించింది. నాకూ అలాగే కనిపించింది. అసలు నేను వింటే కదా, నా కోసం ఇంతమంది చేతి డబ్బులు పెట్టుకుంటున్నారే అని గుమ్మం వెనకాల చచ్చిపోతున్నాను.

లెక్కల వారం మొదలైంది. పొద్దున్నే స్టాపులో పెళ్ళివారిలా జనం. బస్సు రాగానే అత్తయ్య ఒక చెయ్యి అడ్డం పెట్టి అందర్నీ ఆపేసింది.

"ఆగండి, ఆగండి! ముందు మా కోడల్ని ఎక్కనివ్వండి. అసలు పనున్నది దానికి!"

భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండనిపించింది. కిటికీ పక్కన కూర్చుని, బయట ఏదో ఉన్నట్టు అటే చూస్తూ ఉండిపోయాను. వెనక తలుపు దగ్గర లెక్కలాయన అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కినవాళ్ళకి ఒక గీత, దిగినవాళ్ళకి ఒక గీత. బస్సంతా ఒకటే గోల. "ట్యాంకు దాకా ఒకటి." "ట్యాంకు దాకా రెండు, ఒకటి సగం." "నాకూ ట్యాంకే." కండక్టర్‌కి నవ్వాగడం లేదు. కానీ మా కండక్టర్ మంచివాడు, పెదవి విప్పలేదు.

ట్యాంకు దగ్గర బస్సు ఆగగానే బిలబిలమంటూ అందరూ దిగిపోయారు. దిగుతూ దిగుతూ టైలరమ్మ నా కిటికీ మీద కొట్టి "జాగ్రత్తగా వెళ్ళిరా" అంది. అక్కడి నుంచి ఆసుపత్రి దాకా మళ్ళీ నేనూ, ఆ నిద్రపోయే ఆయనా, గోడౌన్ల దగ్గర దిగే ఒకరిద్దరూ. వారమంతా ఇదే తంతు. ఎండలో, పనులు మానుకుని, ఒక్కరు కూడా విసుక్కోకుండా ఎక్కారు, దిగారు. అంత మంచివాళ్ళు. అదే నా బాధ.

కొన్నాళ్ళకి స్టాపులో నోటీసు అంటించారు. వీధంతా పోగైంది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదవడం మొదలెట్టారు. "ప్రయాణికుల రద్దీ దృష్ట్యా ఈ రూటులో ట్రిప్పులను మూడింతలు చేయడమైనది..." అంతే, చప్పట్లు. ఎవరో ఈల కూడా వేశారు. అత్తయ్యని అందరూ చుట్టుముట్టేశారు. "పిన్నిగారూ, సాధించారండీ!" "మీరు ఎన్నికల్లో నిలబడాలండీ!" కిరాణా కొట్టాయన బిస్కెట్ల పెట్టె తెరిచి అందరికీ పంచాడు.

నాకు బిస్కెట్టు చేతికొచ్చాక నోటీసు దగ్గరికి వెళ్ళాను. చప్పట్ల గోలలో మాస్టారు చదవకుండా ఆపేసిన లైన్లు కింద ఇంకా కొన్ని ఉన్నాయి. ప్రయాణికుల్లో అత్యధికులు వాటర్ ట్యాంకు వద్దే దిగుతున్నందున రూటును అక్కడి వరకే కుదించడమైనది. ట్యాంకు నుంచి ఆసుపత్రి వైపు వెళ్ళేవారు వేరే డిపో బస్సులను వాడుకోగలరు. అభ్యంతరాలుంటే నెలాఖరున డిపోలో జరిగే సమావేశంలో చెప్పుకోవచ్చు.

రెండుసార్లు చదివాను. వెనక్కి తిరిగి చూస్తే అత్తయ్య జనం మధ్యలో నిలబడి, నన్ను చూపిస్తూ, "దీని మొహంలో కళ చూడండి ఇప్పుడు!" అంటోంది. నేను నవ్వాను. ఇంకేం చెయ్యను?

చెప్పడానికి నోరు రాలేదు. ఎవరికని చెప్పను? నా కోసం వారంపాటు ఎండలో తిరిగినవాళ్ళకి, మీరు తిరగడం వల్లే నా బస్సు పోయిందని చెప్పనా? వాళ్ళకేమో నిమిషాల మీద బస్సు. ట్యాంకు అవతలే మార్కెట్టు. అంతకుముందు సంచులు మోసుకుంటూ నడిచినవాళ్ళు ఇప్పుడు దర్జాగా బస్సులో వెళ్ళొస్తున్నారు. ట్యాంకు దాటి పనిలేదు కాబట్టి, బస్సు అక్కడే ఆగిపోతోందన్న సంగతి అత్తయ్యతో సహా ఎవరికీ పట్టలేదు. ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ "అంతా నీ పుణ్యమేనమ్మా" అనేవాళ్ళు. తల వంచుకుని వెళ్ళిపోయేదాన్ని. ఎంత అణకువో అనుకునేవాళ్ళు.

చీకటితోనే బయల్దేరడం మొదలెట్టాను. పని ఎక్కువైందని ఇంట్లో చెప్పాను. ట్యాంకు దగ్గర దిగి, వేరే డిపో బస్సు కోసం నిలబడాలి. అది వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఒకరోజు అసలు రాలేదు. మొదటి లేటు పడింది. హెడ్ సిస్టర్ ఏమీ తిట్టలేదు, ఒక వేలు చూపించి ఊరుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత వారం, ఇంట్లో గేటు కార్డు మర్చిపోయాను. అది లేకపోతే ఆసుపత్రి గార్డు లోపలికి రానివ్వడు. ట్యాంకు దగ్గర నిలబడి సంచంతా గుమ్మరించుకుని వెతుకుతుంటే, మా వీధి బస్సు వచ్చి ఆగింది. అందులోంచి ముందు కండక్టర్ గొంతు వినిపించింది.

"ఆసుపత్రికి ఈ బస్సు వెళ్ళదు పెద్దమ్మా. ట్యాంకే ఆఖరు. మీరేగా పోరాడి తెచ్చుకున్నారు!"

చేతిలో నా కార్డు పట్టుకుని అత్తయ్య దిగింది. నన్ను చూసింది. నేనెప్పుడో బయల్దేరానని ఆవిడకి తెలుసు.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటే?"

"బస్సు వచ్చేస్తుందత్తయ్యా."

"ఇంటి దగ్గర తీసుకున్న టిక్కెట్టు ఇక్కడ చెల్లదా?"

"చెల్లదు. ఇది వేరే డిపో. మళ్ళీ తీసుకోవాలి."

"రోజూ ఇంతేనా?"

కింద పడ్డ సామాన్లు ఏరుకుంటున్నాను. ఆవిడ కూడా కూర్చుని ఏరడం మొదలెట్టింది. దువ్వెన, చేతి రుమాలు, లంచ్ డబ్బా మూత. ఒక్కొక్కటీ దుమ్ము దులిపి సంచిలో వేసింది.

"ట్యాంకు దాటొద్దని చెప్పింది నేనే" అంది.

"మీకేం తెలుసత్తయ్యా."

"నాకు తెలుసని అందరికీ చెప్పాగా."

ఆ రోజు రెండో లేటు.

ఆ సాయంత్రం నుంచి మా ఇల్లు ఇల్లులా లేదు. అత్తయ్య వరండాలో కూర్చోవడం మానేసింది. ఎవరైనా "పిన్నిగారూ" అని పిలిస్తే నిద్రపోతున్నానని చెప్పమంటుంది. మా ఆయన ఎంత ఆటపట్టించినా నవ్వదు. ఒకరోజు వీధి తలుపు సగం వేసి, ఆ సందులోంచి బయటికి చూస్తూ నిలబడి ఉంది. జన్మలో ఆవిడ అలా నిలబడడం చూడలేదు నేను. ఆ సిగ్గు నాది. ఆవిడ మొహం మీద చూడలేకపోయాను.

నెలాఖరున డిపో సమావేశం. మా వీధివాళ్ళు చాలామందే వచ్చారు. అభ్యంతరాలకి కాదు, థాంక్స్ చెప్పి, స్టాపులో నీడకి షెడ్డు వేయమని అడగడానికి. ఇంటి దగ్గర అత్తయ్య ఎన్నో మాటలు సిద్ధం చేసుకుంది. ఆఫీసర్ "ఎవరైనా మాట్లాడతారా?" అనగానే లేచి నిలబడింది. వీధంతా వెనకనుంచి చప్పట్లు కొట్టింది. ఆవిడ నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. అలాగే కూర్చుండిపోయి నేల చూసుకుంది.

నేను లేచాను. ఎవరి మొహమూ చూడకుండా చెప్పేశాను.

"సార్, లెక్కల వారం మా వీధివాళ్ళు ఎక్కింది నా కోసం. ఆ వారం ట్యాంకు దగ్గర ఎవరికీ పని లేదు. అక్కడిదాకా ఛార్జీ తక్కువని అక్కడ దిగారు. నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. బస్సు అక్కడిదాకా రాకపోతే నా ఉద్యోగం పోతుంది."

ఆఫీసర్ పెన్ను కింద పెట్టాడు. "అంటే వారంపాటు మా మనిషి రాసినదంతా దొంగ లెక్కా?"

మాస్టారు లేచారు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది. "అప్పుడు నిజం కాకపోవచ్చు సార్. ఇప్పుడు నిజంగానే ఎక్కుతున్నాం, అలవాటు పడ్డాం. ఈ అమ్మాయి కోసమే కదా అంతా చేశాం. ఇవాళ మమ్మల్నే అందరి ముందూ నిలబెట్టింది."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

"నా దగ్గరున్న బస్సులు ఇవే" అన్నాడు ఆఫీసర్. "అటు వేస్తే ఇటు తగ్గుతాయి. ఇంకో వారం పాత రూటులో నడిపి మళ్ళీ లెక్కేయిస్తాను. ఈసారి ఎక్కడికెళ్తున్నారో, ఎందుకెళ్తున్నారో కూడా అడుగుతారు."

బయటికొచ్చేటప్పుడు టైలరమ్మ మా పక్కనుంచే వెళ్ళింది, పలకరించలేదు. ఇంటికి నడిచే వెళ్ళాం ఇద్దరం. అదే బస్సులో వాళ్ళతో కూర్చునే మొహం లేక.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. డ్యూటీ వేళలకి, పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ, ఆసుపత్రి దాకా బస్సు వేశారు. దానికోసం ట్యాంకు ట్రిప్పులు తగ్గించారు. మూడో లేటు పడలేదు, నా ఉద్యోగం నిలబడింది. మా ఆయన కాలూ నిలబడింది. వీధివాళ్ళు మాత్రం ఎండలో స్టాపు దగ్గర నిలబడ్డ ప్రతిసారీ మా ఇంటి వైపు చూస్తారు. వాళ్ళ తప్పేం లేదు.

కానీ ఆ రెండో లెక్కల వారంలో మొదటిరోజు సంగతి మాత్రం నన్ను వదలదు. నేను బయల్దేరేసరికి అత్తయ్య ఇంట్లో లేదు. స్టాపులో ఎవరూ నాతో మాట్లాడలేదు. బస్సు ట్యాంకు దగ్గర ఆగింది. మార్కెట్టు పనున్నవాళ్ళు దిగారు. అప్పుడు అత్తయ్య ఎక్కింది. వీధివాళ్ళ కంటపడకుండా చీకట్లోనే లేచి అంత దూరం నడిచొచ్చినట్టుంది. నా వైపు చూడలేదు. ముందు సీట్లో, ఎవరో తెలియని మనిషిలా కూర్చుంది.

లెక్కలాయన అట్ట పట్టుకుని దగ్గరికెళ్ళాడు. "ఎక్కడికమ్మా?"

"ఆసుపత్రికి."

"ఏం పని మీద?"

ఇదివరకైతే వంద కథలు చెప్పేది. "మా కోడల్ని దింపడానికి" అంది, నాకు వినబడీ వినబడనట్టుగా.

ఆసుపత్రి దగ్గర దిగగానే నేను పరిగెత్తాలి, మిషన్ వేడెక్కే వేళ అది. "ఇదే బస్సులో ఇంటికి వెళ్ళిపోండత్తయ్యా" అని చెప్పి లోపలికి పోయాను. సాయంత్రం డ్యూటీ దిగి గేటు బయటికొస్తే, గోడ వారగా, నీడ తప్పుకున్న సిమెంటు బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. మొహం ఎండకి కమిలిపోయింది.

"ఇంటికెళ్ళలేదా?"

"ఎలా వెళ్ళనే? దిగీ దిగగానే మళ్ళీ అదే బస్సెక్కితే, ఆయన దొంగాట అనుకోడూ? నిన్ను దింపడానికన్నాను. దింపినదాన్ని తీసుకెళ్తే సరిపోతుందని కూర్చున్నా."

"పొద్దున్నించీనా? ఏమన్నా తిన్నారా?"

"డబ్బులు టిక్కెట్టుకే తెచ్చా."

"గార్డుకి నా పేరు చెబితే లోపలికి కబురు పెట్టేవాడు కదత్తయ్యా!"

"లేచాను అడుగుదామని. రెండుసార్లు లేచాను" అంది, కాళ్ళ వైపు చూసుకుంటూ. "నలుగురిలో నిన్ను పిలిస్తే నీకు సిగ్గు కదా. అక్కడ నీకు తెలిసినవాళ్ళుంటారు. మళ్ళీ నా వల్ల ఎందుకులే అని."

అప్పుడే డ్యూటీ దిగిన వాళ్ళందరూ గేటులోంచి వస్తున్నారు, మా హెడ్ సిస్టర్ కూడా. అత్తయ్య చెయ్యి పట్టుకుని లేపాను. రాను రానంటున్నా వినకుండా అందరికీ ఎదురు నడిపించుకుంటూ గేటు దాకా తీసుకెళ్ళాను.

"ఈవిడ మా అత్తయ్య" అన్నాను గార్డుతో. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది, సిస్టర్ తిరిగి చూసింది. "పొద్దున్నించి నా కోసం ఇక్కడే కూర్చుంది. ఏమీ తినలేదు. క్యాంటీన్ ఇంకా తెరిచే ఉందా?"